పైకి తెచ్చుకున్న నీళ్ళు

వస్తోందట. లారీ వస్తోందట, మలుపు దగ్గరుందట, ఇదిగో అదిగో అట. తల పక్కన వేలాడే వైర్‌లెస్ సెట్లోంచి మేస్త్రీ ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టడం మానేశాను. నేను మాత్రం ఇక్కడే, భూమికీ మబ్బులకీ మధ్య, ఈ గాజు గదిలో, రెగ్జిన్ సీటు మీద, ఒక తొడ మీంచి ఇంకో తొడ మీదకి బరువు మార్చుకుంటూ కూర్చున్నాను. కాళ్ళ కింద కూడా గాజే. రెండు బూట్ల మధ్యనుంచి చూస్తే కింద పనంతా కనిపిస్తుంది. సగం పోసిన స్లాబు, దాని మీద రబ్బరు బూట్లతో నిలబడ్డ కూలీలు, ఖాళీ కాంక్రీటు తొట్టి, తొట్టి పక్కన ఎర్ర టోపీ. ఆ ఎర్ర టోపీ బాబాయ్. ఇక్కడ అందరికీ బాబాయే, ఎవరికీ సొంత బాబాయ్ కాడు. ఆయన ఎత్తమంటే ఎత్తుతాను, దించమంటే దించుతాను, క్రేన్ మీదున్న మనిషికి కింద కళ్ళు ఆయనే. పోసిన సగం గట్టిపడేలోగా మిగతా సగం దానికి అతకాలి. అందుకని కాంక్రీటు లారీ వచ్చేదాకా ఆపరేటర్ సీట్లోంచి కదలకూడదని మేస్త్రీ ఆజ్ఞ. బాగానే ఉంది. కానీ నాకు దురద పెడుతోంది. దానికి తోడు ఇవాళ పొద్దున్న నేను అర సీసా నీళ్ళు తాగాను.

దురద అంటే దోమ కుట్టిన దురద కాదు. అలాంటిదైతే గోకి పారేయొచ్చు. ఇది లోపల్నుంచి మొదలై, అంచుల దాకా వచ్చి, అక్కడ మంటగా మారి, కూర్చుంటే ఒకలాగా, నిలబడితే ఇంకోలాగా ఉంటుంది. ఈ ఊళ్ళో ఇంత ఎత్తున ఒంటరిగా కూర్చునే ఆడమనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను, నన్ను చూసేవాళ్ళు కాకులు తప్ప లేరు, హాయిగా గోక్కోవచ్చు కదా అంటే, గోకితే ఆ కాసేపు ప్రాణం లేచొస్తుంది, తర్వాత రోజంతా నిప్పు. ఆ సుఖం ఎంత మోసమో నాకు బాగా తెలుసు. కాబట్టి చేతులు రెండూ లివర్ల మీద పెట్టుకుని మర్యాదస్తురాలిలా కూర్చున్నాను. కంపెనీ ఇచ్చిన ప్యాంటు ఒకటి, దళసరి గుడ్డ, గాలి ఆడదు. ఏ మగవాడి కొలతలకో కుట్టినది, నడుం దగ్గర వదులు, అవసరం లేని చోట బిగువు. దీన్ని కుట్టినవాడు ఒక్కరోజు తొడుక్కుని ఎండలో ఈ సీటు మీద కూర్చుంటే తెలిసేది.

మొదటిసారి వచ్చినప్పుడు భయపడిపోయాను. విరిగిన పాల ముక్కల్లా తెల్లగా పడుతుంటే ఏదో కుళ్ళిపోయిందనే అనుకున్నాను. మందుల షాపుకి వెళ్ళి, ముందున్న ముసలాయన దగ్గు మందు కొనుక్కుని వెళ్ళేదాకా దువ్వెనలు చూస్తున్నట్టు నటించి, అప్పుడు చెప్పాను, దురద మందు కావాలని. "ఎక్కడండీ?" అన్నాడు షాపతను. "అక్కడ" అన్నాను. అతను వీపు అనుకున్నాడో ఏమో, తామరకి రాసే మందిచ్చాడు. అది రాస్తే తల దిమ్మెక్కిపోయింది. మళ్ళీ వెళ్ళాను. ఈసారి అతని భార్య ఉంది, నా ముఖం చూసి సగం, నిలబడ్డ తీరు చూసి సగం అర్థం చేసుకుని లోపల పెట్టుకునే మాత్రలిచ్చింది. తగ్గింది. తగ్గగానే మిగిలిన మాత్రలు డబ్బాలో దాచాను. ఎందుకు దాచానంటే, మళ్ళీ వస్తే పనికొస్తాయని. వచ్చింది. పనికొచ్చాయి. మళ్ళీ తగ్గగానే మళ్ళీ మానేశాను. ఈ ఆట ఏడాది పైనే ఆడాను. ఆవిడకి నేను ఎంత అలవాటైపోయానంటే, షాపు మెట్లెక్కుతుంటేనే సొరుగు తెరిచేది.

"పిట్టా, ఉన్నావా?"

అది మేస్త్రీ. ఎక్కడికి పోతానని, రెక్కలున్నాయా? పైన ఉంటానని నాకా పేరు పెట్టారు. నిజం పేరు హాజరు పట్టీలో ఒక్కచోటే బతికుంది.

"ఉన్నానండీ."

"లారీ సిగ్నల్ దాటిందట. కదలకు."

సిగ్నల్ దాటింది. మంచిది. నా కడుపు కింద కూడా ఒకటి సిగ్నల్ దాటింది. పొద్దున్న తాగిన నీళ్ళు. ఈ పనిలో చేరిన కొత్తలో నాకు ఎవరూ నేర్పకుండానే అబ్బిన విద్య ఏమిటంటే, పని రోజున నీళ్ళు తాగకపోవడం. మొదటి నెలలో ఒకరోజు సెట్లో అడిగాను, కాస్త దిగి రానా అని. ఆ సెట్లో మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది, రెండో క్రేన్ నడిపే, మేమంతా పొడుగు అని పిలిచే కుర్రాడికి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి, స్లాబు మీద కూలీలకి. "ఎందుకూ?" అన్నాడు మేస్త్రీ. నేను నసిగాను. "ఓహో, అదా" అన్నాడు, "ఆడవాళ్ళని పైకెక్కిస్తే ఇదే తంటా అని ఇంజనీరు గారికి ఆరోజే చెప్పాను." ఎవరో నవ్వారు. ఎవరో అన్నది తెలియకపోవడం ఇంకా పాడు, ఆ వారమంతా ప్రతి ముఖంలోనూ ఆ నవ్వే వెతికాను. ఆ రోజు నిచ్చెన దిగి, ఆడవాళ్ళ గదికి వెళ్తే తాళం. లోపల పెయింటు డబ్బాలు పెట్టుకున్నారు. తాళంచెవి మేస్త్రీ జేబులో. వెళ్ళి అడగాలి, ఆయన జేబులు తడుముకోవాలి, పై జేబు, కింద జేబు, వెనక జేబు, ఈలోగా అందరూ చూడాలి. అప్పుడు నిర్ణయించుకున్నాను, అన్నం వేళ దాకా దిగేది లేదని. నీళ్ళు పోస్తేనే కదా నిండేది అని నాలో నేను తెలివిగా అనుకున్నాను కూడా. పొడుగుకి ఈ బాధ లేదు. వాడి సీటు వెనక ఒక సీసా ఉంటుంది. అందరికీ తెలుసు, దాని మీద హాస్యాలు కూడా ఉన్నాయి. అంతేగాని మగవాళ్ళని పైకెక్కిస్తే ఇదే తంటా అని ఎవరూ ఇంజనీరు దగ్గరికి వెళ్ళలేదు.

నీళ్ళు మానేస్తే ఊరుకుంటుందా ఒళ్ళు? మూత్రంలో మంట మొదలైంది. పోతుంటే బ్లేడుతో గీరినట్టు. ఆ మంటకి భయపడి ఇంకాస్త తక్కువ తాగేదాన్ని. ఎంత తక్కువ పోస్తే అంత తక్కువ మంట అని లెక్క. చిన్నప్పుడు లెక్కల్లో నేను మంచిదాన్నే, ఏమైందో మరి. మంటకి ఎవరో డాక్టర్ ఒకసారి రాసిచ్చిన క్యాప్సూల్స్ చీటీ పర్సులోనే ఉండేది, అంచులు మెత్తబడి, మడతలు చిరిగి. మంట రాగానే చీటీ, చీటీ చూపగానే క్యాప్సూల్స్, వాడగానే మంట మాయం. ఆ తర్వాత కొన్నాళ్ళకి దురద. దురదకి లోపల పెట్టుకునే మాత్రలు. రెండూ రెండు వేరువేరు కష్టాలనుకున్నాను. నా ఖర్మ కొద్దీ వంతులు వేసుకుని వస్తున్నాయనుకున్నాను. ఒకదాని మందే ఇంకోదాన్ని పిలుస్తోందని కలలో కూడా తోచలేదు.

మా అక్కకి మాత్రం వెంటనే తోచింది, ఇంకోటి. ఫోన్లో గొంతు తగ్గించి, వాళ్ళింట్లో ఎవరూ లేకపోయినా సరే గొంతు తగ్గించి, "మీ ఆయన సంగతి చూసుకున్నావా? ఇలాంటివి ఊరికే రావే" అంది. అంతే. ఆ ఒక్క మాట వేసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని పెట్టేసింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఉంటుంది. వచ్చాక రేడియో పెట్టుకుని, వంకాయో బెండకాయో తరుగుతూ, దుకాణానికొచ్చిన వాళ్ళ ముక్కుల గురించి చెబుతాడు. ఫలానా ఆవిడ ముక్కు మీద ఏ జోడూ నిలవదట, జారుడుబండట. అలాంటి మనిషి జేబులు వెతికాను నేను. చొక్కా వాసన చూశాను. ఒకరోజు ఆలస్యమైతే దుకాణం దాకా వెళ్ళి, రోడ్డుకి ఇవతల నిలబడి చూశాను, లోపల దీపం కింద తల వంచుకుని ఎవరి అద్దమో అరగదీస్తున్నాడు. నేనొచ్చిన సంగతి చెప్పకుండా తిరిగొచ్చేశాను. అతను దగ్గరికి వస్తే గోడవైపు తిరిగేదాన్ని. నొప్పి అని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. నొప్పికి తోడు అనుమానం కూడా ఉంది మరి, రెండిట్లో ఏది చెప్పాలి? ఒకసారి చీకట్లో అడిగాడు, "నా మీద విసుగొచ్చిందా?" అని. అడిగి, జవాబు కోసం ఆగకుండా అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నేను ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏడవడం కూడా ఒక విద్యే.

గాలి వచ్చింది. క్రేన్ ఇలా కొంచెం ఊగుతుంది, తెలియనివాళ్ళకి గుండె జారుతుంది, నాకు ఊయలే. కానీ ఇవాళ ఈ ఊపు కడుపు కింద నేరుగా తగులుతోంది. సీసా వైపు చూడకూడదు. చూశాను. ఇంకో సగం ఉంది, అదీ తాగాలి, డాక్టరమ్మకి మాటిచ్చాను.

డాక్టరమ్మ దగ్గరికి నన్ను పంపింది మందుల షాపావిడే. ఈసారి సొరుగు తెరవలేదు. "మీకు మాత్రలమ్మి నేను ఇల్లు కట్టుకోలేను గాని, వెళ్ళి పరీక్ష చేయించుకోండి" అంది. డాక్టరమ్మ నాకంటే చిన్నది, జుట్టు పెన్నుతో ముడేసుకుంది. నేను "అక్కడ" అన్నాను. "యోనిలోనా, బయటా?" అంది, మోకాలా మోచెయ్యా అన్నట్టు. అంత మామూలుగా అనేసరికి నాకు నవ్వొచ్చింది, తర్వాత ధైర్యమొచ్చింది. దూదిపుల్లతో తీసి పరీక్షకి పంపింది, సుగర్ చూసింది, సుగర్ లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పింది, ఈస్ట్ అట, బూజు లాంటి క్రిమి, మామూలు రకమేనట, మందుకి లొంగుతుందట. అది కొద్దిగా చాలామంది ఒంట్లో ఊరికే ఉంటుందట, ఎవరో అంటించక్కర్లేదట. "మా ఆయన?" అన్నాను. "ఆయనకేమైనా దురదగా ఉందా?" "లేదండీ." "అయితే ఆయన్ని వదిలేయండి" అంది. ఆయన్ని వదిలేయండి! ఏడాది నుంచి వదలకుండా పట్టుకున్నాను నేను. మా అక్కని ఆ గదిలో కూర్చోబెట్టి వినిపించాలనిపించింది. ఇంకా అడిగింది, శుభ్రం కోసమని లోపల సబ్బు పెడుతున్నారా అని. పెడుతున్నాను, వాసన సబ్బు, ఎంత కడిగితే అంత మంచిదని. మానేయమంది, మురికి వల్ల వచ్చిన జబ్బు కాదంది. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకంటే నేను మురికిదాన్నని నాకు నేనే ఎన్నాళ్ళనుంచో చెప్పుకుంటున్నాను.

తర్వాత ఏం పని చేస్తారంది. క్రేన్ నడుపుతానన్నాను. పెన్ను ఆపి, "పెద్ద క్రేనా?" అంది. పెద్దదే. "మరి బాత్రూమ్?" అంది. అంతమంది నన్ను భయం వేయదా, తల తిరగదా, మీ ఆయన ఒప్పుకున్నాడా అని అడిగారు గాని, ఈ ముక్క అడిగిన మొదటి మనిషి ఆవిడే. చెప్పాను, నీళ్ళు తాగననీ, మంటనీ, చీటీనీ, అన్నీ. పర్సులోంచి ఆ చీటీ తీసి చూపిస్తే, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తన సొరుగులో వేసేసుకుంది. "ఇంట్లో అద్దెకున్న మంచివాళ్ళని మీరే ఖాళీ చేయిస్తున్నారు. వాళ్ళు పోగానే మూలనున్నవాడు నాలుగు గదులూ ఆక్రమిస్తున్నాడు" అంది. ఆ క్యాప్సూల్స్ మంట పుట్టించే క్రిములతో పాటు మంచి క్రిముల్ని కూడా చంపుతాయట, ఆ ఖాళీలో ఈస్ట్ పెరుగుతుందట. నీళ్ళు తాగితే ఈస్ట్ పోదు, అది మాత్రతోనే పోవాలి, ముందు కొన్ని, తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు, తగ్గిందని మధ్యలో మానకూడదు. కానీ నీళ్ళు తాగి, వచ్చినప్పుడు వెళ్తే మంట రావడం తగ్గుతుంది, మంట రాకపోతే ఆ క్యాప్సూల్స్ అక్కర్లేదు, అవి లేకపోతే ఇది మళ్ళీ మళ్ళీ రావడం తగ్గుతుంది. "నేను రాసిచ్చే మందులో సగం మీరు మింగుతారు. మిగతా సగం మీరు నిచ్చెన దిగడమే" అంది.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. బెండకాయలు తరుగుతున్నాడు. అంతా చెప్పాను, జేబులు వెతికిన సంగతి కూడా. చాకు ఆపి, "జేబులో ఏం దొరికింది?" అన్నాడు. "బస్సు టికెట్లు" అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి, బాధ కలిగితే అలాగే అవుతాయి. తర్వాత మళ్ళీ తరుగుతూ, "పొద్దున్నే నీ సీసా నేను నింపి పెడతాలే" అన్నాడు. ఇవాళ నింపి పెట్టాడు. సంచిలో వేసి మరీ ఇచ్చాడు. దాన్నే ఇప్పుడు నేను చూడకూడదనుకుని చూస్తున్నాను.

"పిట్టా! లారీ మలుపు తిరిగింది. తయారుగా ఉండు. పైగా ఇవాళ ఇంజనీరు గారు వచ్చారు, గుర్తుంచుకో."

గుర్తుంది. గేటు దగ్గర తెల్ల టోపీ కనిపిస్తూనే ఉంది. ఈ భవనం పూర్తయ్యాక పక్క వీధిలో ఇంతకు రెట్టింపు ఎత్తుది లేస్తుంది. దాని క్రేన్ సీటు పొడుగుకో నాకో, ఈ వారం తేలుస్తారు. చెయ్యి వాడికంటే నాది నిదానమని బాబాయే అన్నాడు ఒకసారి, తొట్టిని పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించుతానని. నాకా సీటు కావాలి. ఎంత కావాలంటే, నిద్రలో కూడా కావాలి. ఇప్పుడు దిగుతానంటే మేస్త్రీ చేతికి కర్ర ఇచ్చినట్టే. దిగకపోతే లారీ వస్తుంది, తొట్టి తర్వాత తొట్టి, అన్నం వేళ దాటిపోతుంది, అప్పటిదాకా పళ్ళ బిగువున ఆపుకోవాలి. ఆపుకోగలను. ఇన్నాళ్ళూ అదే కదా చేశాను. ఆపుకుని ఆపుకుని మళ్ళీ మంట తెచ్చుకుని, చీటీ లేదు కాబట్టి షాపావిడ కాళ్ళు పట్టుకుని, మళ్ళీ క్యాప్సూల్స్, మళ్ళీ దురద, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవడం. రెట్టింపు ఎత్తున కూర్చుని ఇదంతా రెట్టింపు చేసుకోవాలి. సీటు దొరికాక చూసుకుందాం అనుకోవచ్చు. కానీ ఇవాళ ఆపుకుని సంపాదించిన సీటులో రేపు ఎలా దిగుతాను? ఆపుకుంటుందనే కదా అప్పుడు ఇస్తారు. లారీ డ్రమ్ము తిరుగుతూ ఉంటే లోపల సరుకు కాసేపు ఎక్కడికీ పోదు, అది నాకూ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. పోయిన వారం ఆయన ఫోన్ మాట్లాడటం అయ్యేదాకా అదే లారీ తిరుగుతూ నిలబడింది. స్లాబు ఆరలేదు, ఆకాశం ఊడిపడలేదు.

సెట్ చేతిలోకి తీసుకున్నాను. బటన్ మీద వేలు పెట్టాను. మాట ముందే కూర్చుకున్నాను, "కొంచెం పనుంది" అని. నొక్కాక అది రాలేదు.

"మేస్త్రీ గారూ, నేను బాత్రూమ్‌కి దిగుతున్నాను. ఆడవాళ్ళ గది తాళంచెవి నిచ్చెన దగ్గరికి పంపండి."

కింద స్లాబు మీద రెండు మూడు తలలు పైకి లేచాయి. ఇంత ఎత్తుకి ముఖాలు కనిపించవు, అది ఒక అదృష్టం.

"లారీ గేటు దగ్గరుంది!" అన్నాడు మేస్త్రీ.

"కనిపిస్తోందండీ. నేను తిరిగొచ్చాక ఎత్తుతాను. రోజూ ఇలాగే దిగుతాను, డాక్టర్ చెప్పారు."

అప్పుడు బాబాయ్ గొంతు వచ్చింది, ఎప్పుడూ ఉండే గొంతే, ఎత్తు, దించు అనే గొంతే. "హుక్కు పైకి లాక్కో, తల్లీ. క్రేన్ చెయ్యి మీది ట్రాలీని నీ దగ్గరికి తెచ్చుకో. చెయ్యిని గాలి ఎటు తిప్పితే అటు వదిలేసి, స్విచ్ ఆపి, దిగు." ఆపరేటర్ సీటు వదిలేముందు చెయ్యాల్సిన పని అది. అన్నం వేళకి దిగేటప్పుడు రోజూ చెప్పే మాటలే అవి. ఒక్కటీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. హుక్కు లాక్కున్నాను. ట్రాలీ తెచ్చుకున్నాను. చెయ్యిని గాలికి వదిలాను. స్విచ్ ఆపుతుంటే పొడుగు గొంతు వచ్చింది, "మేస్త్రీ గారూ, ఆవిడ ఎక్కాక నేనూ దిగుతా. ఈ సీసాతో నాకూ విసుగొచ్చింది." ఎవరో నవ్వారు. ఈసారి ఎవరో తెలిసింది, గేటు దగ్గర వాచ్‌మన్, చివర్లో కాస్త దగ్గు ఉంటుంది.

సీసా ఉన్న సంచి భుజాన వేసుకుని నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగాను. తొందరపడితే కాలు జారుతుంది, తొందరపడకపోతే ఇంకోటి జారుతుంది, రెంటికీ మధ్య దిగాను. కింద మేస్త్రీయే నిలబడి ఉన్నాడు, తాళంచెవి చేతిలో. జేబులు తడుముకోలేదు. కొంచెం వెనకగా ఇంజనీరు, తెల్ల టోపీ.

"ఇలాగైతే ఆ పెద్ద క్రేన్ మీద కష్టమమ్మా" అన్నాడు మేస్త్రీ, నాతో అంటూ ఆయనకి వినిపించేట్టు.

"కష్టమేనండీ. అందుకే దానికి మధ్యలో ఒక అంతస్తులో బాత్రూమ్ పెట్టించండి. ఎవరు ఎక్కినా దిగాలి కదా" అన్నాను, నేనూ ఆయనకి వినిపించేట్టే. ఇంజనీరు టోపీ తీసి తల గోక్కున్నాడు. సీటు పోయిందేమో. పోతే ఏడుస్తాను, ఈసారి చప్పుడు చేసే ఏడుస్తాను.

పెయింటు డబ్బాల మధ్య కూర్చున్నప్పుడు, దురద దురదలాగే ఉంది, అది ఒక పూటలో పోయేది కాదు. కానీ మంట లేదు. బయటికొచ్చేసరికి లారీ డ్రమ్ము నిదానంగా తిరుగుతోంది, డ్రైవరు తలుపు తీసుకుని పేపరు చదువుతున్నాడు. తాళంచెవి మేస్త్రీకి ఇవ్వబోయి, ఆగి, నా ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఈ ప్యాంటుకి జేబులు మాత్రం బాగానే పెట్టారు. ఆయన చూసి, లారీ వైపు తిరిగాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా మా ఆయన ఇచ్చిన సీసాలో మిగిలిన నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ నిండా పట్టుకుని, మూత బిగించి, సంచి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాను.